గడియ సంగతి

నర్సక్కకు ఏదైనా మొదటినుంచి చెప్పడం అలవాటు. మరాఠీ గడ్డ మీది లాల్‌పేట్ గనుల కాలనీలో ఆమె ఉప్పు అడగడానికి వచ్చినా, ముందు ఇంటికి ఎవరొచ్చారో, వాళ్ళకేం వండిందో చెప్పాలి. ఉప్పు ఆ తర్వాతే. నేరుగా పనిమాట ఎత్తితే ఎదుటివాళ్ళను చిన్నబుచ్చినట్టని ఆమె పుట్టింటివాళ్ళు నేర్పారు.

ఆ సాయంత్రం ఆమె పక్కింటి జయ గుమ్మంలో వచ్చి పడింది. తమ వాకిట్లో చిరుతపులి. దానికి నాలుగడుగుల అవతల, రేకుల మరుగుదొడ్డిలో, ఆమె భర్త పోశం.

జయ తలుపేసి అటవీశాఖకు ఫోన్ కలిపింది. "చెప్పక్కా, నేను మరాఠీల చెప్త."

"పొద్దుగాల మా మరదలొచ్చిందే. కోడిని కోసిన. ఈకలు ఎనక పారేసిన..."

"అక్కా! కోడి ఎందుకు?"

"ఆ వాసనకే వచ్చినట్టుంది బిడ్డా, చెప్పొద్దా?"

"మనిషి ఏడున్నడని అడుగుతుండు!"

"పాయఖానల. మామిడి తొక్కు అంత తినకుమంటే ఇన్నడా..."

జయ ఆమె నోరు మూసి, మిగతాది తనే చెప్పింది. అవతలి గొంతు నిమ్మళించింది.

"లోపట ఉంటే ఫికర్ లేదంట అక్కా. ఇంకో ఊళ్ళె పని చూసుకొని వస్తరట."

నర్సక్క కిటికీ సందులోంచి చూసింది. చిరుత లేచి రేకు తలుపు కింద వాసన చూస్తోంది. తలుపు సన్నగా అదిరింది. లోపలినుంచి దగ్గు కూడా లేదు.

"గడియ లేదు!" అని అరిచింది. "తలుపుకు గడియ లేదే! చేత్తోని పట్టుకున్నడు!"

"అది ముందు చెప్పాలె గదా!"

"ఆడికే వస్తున్న!"

జయ ఫోన్లో ఆ మాట చెప్పగానే అటవీశాఖ జీపు ఇటే తిరిగింది. వాళ్ళొచ్చి టపాకాయలు పేల్చేదాకా నర్సక్క కిటికీ వదల్లేదు. చిరుత గోడ దూకి పోయింది.

ఆమె పరుగున వెళ్ళి తలుపు లాగింది. లోపలినుంచి పోశం అంతకంటే గట్టిగా లాగాడు.

"నేనే! తియ్యి!"

"పోయిందా?"

"పోయింది."

తలుపు కదల్లేదు.

"పోయిందంటే ఏమెరుక? ఎటు పోయింది? ఎవలు జూసిండ్రు? సక్కగ చెప్పరాదే!" పోశం గొంతు ఏడుపులా ఉంది.

నర్సక్క తలుపు ముందు కూలబడి, జీపు సందులోకి తిరిగిన కాడినుంచి చెప్పసాగింది.