కటింగ్ బల్ల మీద కన్ను

బావమరిది ఓర్వలేనివాడు కాడని చెప్పడానికి సాక్షులు దొరకరు. యూనిఫారాలు కుట్టే ఆ వర్క్‌షాపులో కటింగ్ బల్ల అంటే సింహాసనం. దాన్ని ఏళ్ల తరబడి ఏలినవాడు బావ, అంటే అక్క మొగుడు. ఆయన డిప్రెషన్‌తో మంచం దిగలేకపోయిన రోజుల్లో కత్తెర బావమరిది చేతికొచ్చింది. బావ త్వరగా కోలుకోవాలని అతను మనసారా కోరుకున్నాడు. మరీ అంత త్వరగా కాదు.

బావ తిరిగొచ్చాడు. డాక్టరు సలహా మీద ఒంటిపూట పని, కిటికీ పక్కన కుర్చీ, అలసటొస్తే కాసేపు బయట నడక.

"నెలాఖరుకి ఆయన పుంజుకుంటే బల్ల ఆయనది, లేదంటే నీది. ఈలోగా ఎవరూ ఆయన మీద గొంతు పెంచొద్దు," అంది యజమానురాలు బావమరిదితో.

"నాక్కూడా నిన్నట్నుంచి మనసేం బాగోలేదమ్మా."

"నీకు బాగున్నదెప్పుడురా?"

ఇక అందరూ బావను దయతో ముంచెత్తారు. ఆయన బట్ట మీద సుద్దతో గీతలు గీసి అటు తిరగ్గానే, గుండీలు కుట్టే పిన్ని టేపుతో మళ్లీ కొలిచేది. కోయబోతే "మీకెందుకండీ శ్రమ" అంటూ ఎవరో ఒకరు కత్తెర అందుకునేవారు. బావకు అన్నీ కనపడుతూనే ఉన్నాయి. ఒకనాడు సంచీ భుజాన వేసుకుని, "రేపట్నుంచి రానులే పిన్నీ," అని గుమ్మం వైపు నడిచాడు.

బల్ల మీద ఆయన గీసిన బట్ట దొంతరగా పరిచి ఉంది. పిన్ని అలవాటు కొద్దీ టేపు తీసింది.

"కొలవకు పిన్నీ!" అరిచాడు బావమరిది. "గీసింది ఆయన. కొయ్యాల్సిందీ ఆయనే!"

ఒక్క వంకర పడితే చాలు, దొంతరంతా పాడవుతుంది, తన పట్టాభిషేకం ఖాయమవుతుంది. అతని ధర్మాగ్రహం వెనకున్న ధర్మం అంతే.

గుమ్మంలో బావ ఆగిపోయాడు. వెనక్కొచ్చి కత్తెర పట్టుకున్నాడు. కొంత కోశాడు. ఆపి, మంచినీళ్లు తాగి, మళ్లీ మొదలెట్టాడు. బావమరిది కళ్లార్పకుండా చూశాడు, వంకర కోసం. అది రాలేదు.

"ఇంతమందిలో నన్ను నమ్మింది నువ్వొక్కడివేరా," అన్నాడు బావ కత్తెర కింద పెడుతూ.

"అబ్బే, అదేం లేదు బావా."

జన్మలో ఒక్కసారి నిజం చెబితే, దాన్నీ వినయం కింద జమకట్టారు.

నెలాఖరుకి బల్ల బావకే దక్కింది. ఆ రాత్రి అక్క తమ్ముణ్ణి భోజనానికి పిలిచి, కొసరి కొసరి వడ్డిస్తూ, అతని పెద్దమనసు గురించి పిల్లలకు చెప్పింది. అసూయన్నది ఎరగని మేనమామట, బావ కోసం తన అవకాశమే వదులుకున్నాడట. ముద్ద కలుపుతూ బావమరిది తలొంచుకు విన్నాడు. ఎవడో ఆ మహానుభావుడు, ఇంతింత పొగడ్తలు ఊరికే కొట్టేస్తున్నాడని అతనికి ఒళ్లు మండిపోయింది.