మెట్ల మీద ఏ పక్క?

మా కుట్ల టీచరంటే మొదట్లో నాకు గిట్టేది కాదు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. ఇరవై రెండేళ్లుగా లెక్కలు చెబుతున్నదాన్ని, నా క్లాసులో చీమ చిటుక్కుమన్నా వినిపిస్తుంది. అలాంటి నా దగ్గరికి, వారానికి రెండు పీరియడ్లు కాజాలు కుట్టించే మనిషి వచ్చి, "అక్కా, పిల్లలు తప్పు చేసినప్పుడే కాదు, సరిగ్గా చేసినప్పుడు కూడా చీటీ రాసిద్దాం" అంటే ఒళ్లు మండదూ?

పదహారేళ్లకే మేనత్త దగ్గర మిషను నేర్చుకుందట. మా బడికి యూనిఫారాలు కుట్టివ్వడానికి వచ్చి, టీచరై ఇక్కడే ఉండిపోయింది. మెడలో ఎప్పుడూ కొలతల టేపు వేలాడుతుంటుంది. స్టాఫ్ రూములో కిటికీ పక్క కుర్చీలు మా సీనియర్లవి, ఆవిడకి తలుపు వెనక స్టూలు. పైకి నవ్వుతూనే ఉంటుంది గానీ, లోపలంతా మొండితనమే.

మా బడిలో ఎర్ర అట్ట ఫిర్యాదుల రిజిస్టరు ఒకటుంది. ఏడాదిలో అందులో ఐదుసార్లు పేరెక్కిన పిల్లల చేతిలో టీసీ పెట్టి పంపేస్తారు. ఆ ఏడాది ఏడో తరగతి పిల్ల ఒకతి, మేమంతా సుడిగాలి అనేవాళ్లం, ఐదోసారి ఎక్కింది. కుట్ల టీచరు వెళ్లి హెడ్ మేడం కాళ్లావేళ్లా పడింది.

"శనివారం మీటింగులో నీ పద్ధతేదో చెప్పుకో" అంది హెడ్ మేడం. "ముప్ఫై మందిలో ఇరవై నాలుగు సంతకాలు వస్తే పాత రూలు తీసేస్తా. రాకపోతే సోమవారం ఆ పిల్ల టీసీ మీద నా సంతకం పడుతుంది."

మూడు రోజులు కుట్ల టీచరు సంతకాల కాగితం పట్టుకుని మా చుట్టూ తిరిగింది. "మంచిగా నడిస్తే చీటీ, మంచిగా ఊపిరి పీలిస్తే కప్పూ ఇస్తారా మేడం?" అన్నాడు సైన్సు సారు. అందరం పడీపడీ నవ్వాం. నేనైతే మొహం మీదే చెప్పేశాను, నెత్తికెక్కించుకుంటే దించలేమని. శుక్రవారానికి ఏడు సంతకాలు పడ్డాయి. ఆ సాయంత్రం రిజిస్టరు అడిగి ఇంటికి పట్టుకెళ్లింది.

శనివారం చూద్దుము గదా, బోర్డు మీద పెద్ద ఖాకీ కాగితం, బ్లౌజులు గీసుకునేది. దాని మీద మా బడి మొత్తం గీసింది. ఫిర్యాదు ఎక్కడ జరిగితే అక్కడో సుద్ద చుక్క. క్లాసుల్లో నాలుగు, మైదానంలో ఆరు. మెట్ల దగ్గర మాత్రం చుక్కలు తెల్లగా అలుక్కుపోయాయి. లెక్కల మనిషిని కదా, తొంభై ఒకటి అని లెక్కపెట్టేశాను.

"కుట్టు అస్తమానం ఒకేచోట పిగులుతుంటే, కత్తిరింపులోనే ఏదో తేడా ఉందనుకుంటాం కదండీ" అంది ఆవిడ. "ఒక్క మాట చెప్పండి. మెట్లు దిగేటప్పుడు పిల్లలు ఏ పక్క నడవాలి?"

"కుడి" అన్నాను నేను.

"ఎడమ" అన్నాడు సైన్సు సారు, నాతోపాటే.

"గోడవారగా" అంది తెలుగు టీచరు. ఎవరి మాట వాళ్లదే. అయిదు నిమిషాలు స్టాఫ్ రూము చేపల బజారైపోయింది.

అప్పుడు ఆవిడ రిజిస్టరు తెరిచి, రాసినవాళ్ల పేర్లు మింగేసి, రెండు వాక్యాలు మాత్రం చదివింది. కిందటి వారం మంగళవారం, ఎడమ పక్కన దిగుతూ ఎదురొచ్చేవాళ్లను గుద్దుకుంది. అదే వారం గురువారం, కుడి పక్కన దిగుతూ ఎదురొచ్చేవాళ్లను గుద్దుకుంది. రెండూ సుడిగాలి మీదే, నాలుగోదీ ఐదోదీ.

మంగళవారంది నేను రాసింది. చెవి పట్టుకుని మరీ చెప్పాను, కుడి పక్కన నడవమని. ఆ పిల్ల నా మాట విన్నందుకే ఐదోసారి ఎక్కింది! నాకు తల కొట్టేసినట్టయింది. ఆవిడ కావాలంటే నా పరువు అక్కడే తీసేయొచ్చు. తియ్యలేదు, కనీసం నావైపు చూడను కూడా చూడలేదు. నేనే లేచాను.

"ఆ మంగళవారంది నేనే రాశాను. ఆ కాగితం ఇలా తే అమ్మా."

నా వెనకే సైన్సు సారు లేచాడు, నవ్వు లేకుండా. ఇరవై తొమ్మిది సంతకాలు పడ్డాయి. ముప్ఫయ్యో టీచరు ఆ రోజు సెలవు. హెడ్ మేడం టీసీ కాగితాన్ని అడ్డంగా చింపేసింది.

అంతటితో వదిలిందా మహాతల్లి! కుడి పక్కే అని ఖాయం చేసి, ముందు మనం నేర్చుకోవాలంది. బడి వదిలాక పెద్దలమంతా బ్యాగులు తగిలించుకుని మెట్లు ఎక్కుతూ దిగుతూ ఒకటే నవ్వులు. "సారూ, మళ్లీ పైనుంచి రండి" అని సైన్సు సారును రెండుసార్లు వెనక్కి పంపింది. సోమవారం నుంచి పిల్లలకూ అలాగే నడిచి చూపించాం. ఆ ఏడాది చివరికి కొత్త కాగితం మీద మెట్ల దగ్గర మూడే చుక్కలు. కిటికీ పక్క నా కుర్చీలో ఇప్పుడు ఆవిడే కూర్చుంటుంది, పట్టుబట్టి నేనే కూర్చోబెట్టాను.

మొదటి చీటీ రాసింది మాత్రం నేనే. ఆ సోమవారమే సుడిగాలి కుడి పక్కన బుద్ధిగా దిగుతుంటే ఆపి చేతికిచ్చాను. దాని మొహం తెల్లబోయింది. చీటీ విప్పనైనా విప్పలేదు.

"ఇది ఆరోదా టీచర్?" అంది.

"కాదమ్మా, మొదటిది. చదువు" అన్నాను.