వట్టి రోలు

మా కోడలు ఉమాశ్రీ పదిహేడేళ్లు తప్పులు పట్టే ఉద్యోగం చేసింది. ఎవరో రాసిన కంప్యూటరు ప్రోగ్రాముల్లో ఎక్కడ తేడా ఉందో వెతికి చెప్పడం ఆ పని. ఇంట్లో మాత్రం ఎవరి తప్పూ పట్టేది కాదు. ఇంట్లో ఆ పని నేను చూసుకునేదాన్ని.

నలభై మూడో ఏట ఆ ఉద్యోగం పోయింది. ఒక మంగళవారం పొద్దున వెళ్లింది, పదకొండింటికల్లా తిరిగొచ్చింది. మెడలో ఎప్పుడూ వేలాడే కార్డు లేదు.

"ఏమే, తలనొప్పా?" అన్నాను.

"కాదత్తయ్యా, ఇక రావద్దన్నారు" అని, కాళ్లు కడుక్కుని కుక్కరు పెట్టింది.

ఏడిస్తే ఓదార్చేదాన్నేమో. ఏడవలేదు కాబట్టి పొగరనుకున్నాను.

ఆరు నెలలు వెతికింది. నలభై దాటిన మనిషిని ఎవరూ పిలవలేదు. అప్పుడు కొత్తగూడలో ఒక మిఠాయి దుకాణం పై అంతస్తులో, వీడియోలు తీయడం, వాటిని కత్తిరించి అతకడం నేర్పే చోట చేరింది. మూడు నెలల చదువు. తక్కినవాళ్లంతా ఇరవయ్యేళ్ల పిల్లలు. మొదటిరోజు "ఎవరిని దింపడానికొచ్చారు ఆంటీ?" అని అడిగారట. నవ్వుతూ చెప్పింది.

"అడగరూ మరి!" అన్నాను నేను.

కానీ నేర్చుకుంది. ఎలా నేర్చుకుందంటే, గ్లాసులో మజ్జిగ పోయడాన్ని పదిహేనుసార్లు తీసింది. ఆ మజ్జిగంతా మావాడు శ్యామ్ తాగలేక చచ్చాడు. కిటికీ వెలుతురు మొహం మీద పక్క నుంచి పడాలట. కెమెరా నొక్కగానే పని మొదలెట్టకూడదట, ముందు పది సెకన్లు, వెనక పది సెకన్లు వదలాలట, లేకపోతే కత్తిరించడానికి చోటుండదట.

"జాకెట్టు కుట్టేటప్పుడు లోపల మడత వదిలినట్టు" అన్నాను.

"సరిగ్గా అదే అత్తయ్యా!" అంది, కళ్లు పెద్దవి చేసి. ఆ ఒక్క రోజు నాకా చదువు మీద కాస్త గౌరవం కలిగింది. పైకి చెప్పలేదు.

చివర్లో అందరూ తలా ఒక మూడు నిమిషాల సినిమా తీయాలి. పని చేసుకుంటున్న ఒక మనిషి మీద. అన్నిటికన్నా బాగున్న సినిమా ఎవరిదైతే, వాళ్లని కోకాపేటలో కంపెనీలకి సినిమాలు తీసే స్టూడియోలో ఉద్యోగానికి పంపుతానన్నాడు వాళ్ల మాస్టారు. "ఇది వస్తే చాలు అత్తయ్యా, ఇంకేమీ అడగను" అంది. పెళ్లై వచ్చాక ఫలానాది కావాలని నా ముందు నోరు విప్పి అనడం అదే మొదలు.

సినిమాకి నన్ను ఎంచుకుంది. నన్నూ, నా రోలునీ.

ఆ రోలు తెనాలి నుంచి వచ్చింది. తెల్లాపూర్‌లో ఈ పద్నాలుగో అంతస్తుకి మారినప్పుడు, లిఫ్టులో రాయి ఎక్కించడానికి వీల్లేదని వాచ్‌మన్ అడ్డం పడితే, "అయితే నేనూ కిందే ఉంటా" అని గేటు దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నాను. పావుగంటలో ఎక్కించారు. కింద బొంత మడిచి వేసినా, దంచినప్పుడల్లా కింది ఫ్లాటువాళ్లు ఫోను చేస్తారు. చేసుకోనీ.

ఆ ఉదయం ఎండుమిరపకాయలు, కొబ్బరి ముక్కలు, చింతపండు ముందు పెట్టుకుని కూర్చున్నాను. వెనక కిటికీలో అద్దాల మేడలు కనిపించేట్టు కెమెరా పెట్టింది. చింతగింజంత మైకు నా పమిట అంచుకి తగిలించింది. అవి రెండూ వాళ్ల మాస్టారివి, మర్నాడు తొమ్మిదింటికి ఇచ్చేయాలి. బండ చేతిలోకి తీసుకున్నానో లేదో, పార్సిల్ వచ్చిందని కింద నుంచి పిలుపు.

"కెమెరా ఆపను అత్తయ్యా. మీరు మామూలుగా కానివ్వండి" అని వెళ్లింది. తీసేవాళ్లు ఎదురుగా లేకపోతే మనిషి మామూలుగా ఉంటాడని పాఠంలో చెప్పారట. నిజమే చెప్పారు.

అప్పుడే మా పనిమనిషి పోచమ్మ గిన్నెలు తోమి వచ్చి తలుపుకి ఆనుకుంది. "సిన్మాల పడుతున్నవా అమ్మా?" అంది.

"ఆ, పడుతున్నా. కోతినాడించినట్టు ఆడిస్తోంది" అన్నాను. మాటకో దెబ్బ చొప్పున దంచుతున్నాను. "పదిహేడేళ్లు చేసిన చోటే వద్దు పొమ్మన్నారు. వాళ్లకి పనికిరానిది, నాకు పనికిరానిది, ఇంకెవరికి పనికొస్తుందే? మావాడు మెతక కాబట్టి సాగుతోంది. ఇంకో మొగుడైతే పుట్టింటికి పంపేవాడు."

"గట్లనకమ్మా. పొద్దుగాల్నే లేసి అందరికీ వండి పోతది గదా, పాపం."

"వంటా అది? పథ్యం."

పోచమ్మ నవ్వకుండా వెళ్లిపోయింది. ఉమ తిరిగొచ్చి మైకు తీసుకుంది. పచ్చడి బాగా కుదిరింది.

సాయంత్రం కంప్యూటరు ముందు చెవులకి ఆ పెద్ద డిప్పలు పెట్టుకుని, పొద్దున తీసింది వింటూ కూర్చుంది. నాకు వీపు కనిపిస్తోంది. కాసేపటికి చెయ్యి కదలడం మానేసింది. నిద్రపోయిందేమో అనుకున్నాను. తర్వాత లేచి నా దగ్గరికొచ్చింది.

"అత్తయ్యా, ఇంకోసారి దంచుతారా? చప్పుడు ఒక్కటే కావాలి. రోట్లో ఏమీ వేయక్కర్లేదు."

"వట్టి రోలు దంచితే ఇంటికి అరిష్టం. నీ సినిమాకి ఇల్లు ముంచుకోమంటావా?"

"పోనీ నాలుగు కొబ్బరి ముక్కలు వేసి..."

"పొద్దున దంచిందే ఉంది. నేనేమన్నా కూలికొచ్చానా?"

"నేను దంచుకోనా?"

"ఆ బండ జోలికి రాకు."

"సరే" అంది. ఎందుకని నేనడగలేదు, తను చెప్పలేదు.

పది రోజుల తర్వాత, "ఉద్యోగం వేరే అబ్బాయికి వచ్చింది" అంది. "నేను చెప్పలేదూ!" అన్నాను. ఏం చెప్పానో నాకే తెలియదు. అన్నాను, అంతే.

ఆ సినిమా నాకు చూపించలేదు. చూపించమని అడగడానికి నాకు నామోషీ. ఆ తర్వాత మా అపార్టుమెంటు ఆఫీసులోనే చేరింది. ఎవరింట్లో నీళ్లు కారుతున్నాయి, ఏ లిఫ్టు ఆగింది అని ఫోన్లో వచ్చే ఫిర్యాదులు రాసుకునే పని.

పోయిన నెల తనతో చదివిన రసజ్ఞ అనే పిల్ల ఉమ సర్టిఫికెట్ ఇచ్చిపోదామని వచ్చింది. ఉమ ఆఫీసులో ఉంది. కాఫీ ఇచ్చాను.

"అమ్మమ్మా, మీరు మా క్లాసులో హీరోయిన్, తెలుసా?" అని తన ఫోన్లో సినిమా పెట్టింది.

బాగుంది. అబద్ధం చెప్పను. వెనక అద్దాల మేడలు, ముందు నా రోలు, నా మొహం మీద పక్క నుంచి ఎండ. అంత మంచిదాన్నా నేను అనిపించింది. కానీ బండ పడుతోంది, చప్పుడు లేదు. ఏదో వీణ మోగుతోంది. నా పెదాలు కదులుతున్నాయి. మాటకో దెబ్బ, మాటకో దెబ్బ.

"ఈ వీణే కొంప ముంచింది" అంది రసజ్ఞ. "రోలు చప్పుడే ఈ సినిమాకి ప్రాణం, పాట తీసేసి అసలు సౌండ్ పెట్టు, నీదే ఫస్ట్ అని సార్ జర గట్టిగనే చెప్పిండు. అక్క వినలే. సౌండ్ పాడైపోయింది సార్ అన్నది. సౌండ్ కాపాడుకోవడం మొదటి పాఠం, అదే రాకపోతే ఎట్ల అని ఆ ఉద్యోగానికి దినేష్‌ని పంపిండు. అంత మంచిగ నేర్చుకున్న అక్క గిట్ల ఎందుకు చేసిందో!"

నాకు తెలిసింది. మాటకో దెబ్బ చొప్పున దంచాను కదా, చప్పుడుంచితే మాటలూ ఉంటాయి. నా మాటలు నలుగురూ వినకుండా వీణ కప్పింది. పోనీ చప్పుడు మళ్లీ పట్టుకుందామంటే అరిష్టమన్నాను. బండ కూడా ముట్టుకోనివ్వలేదు.

తప్పయిందని అనడం నాకు చేతకాదు. ఈ వయసులో కొత్తగా రాదు కూడా. ఆ పిల్ల వెళ్లాక బొంత తీసేసి, వట్టి రోలు ముందు కూర్చున్నాను. నా చేతులతో వట్టి రోలు దంచడం పుట్టి బుద్ధెరిగాక అదే మొదలు. గట్టిగా దంచాను. రాయి మీద రాయి, గోడలు అదిరాయి.

ఇంటర్‌కమ్ మోగింది. ఉమే.

"అత్తయ్యా, కింది ఫ్లాటువాళ్లు ఇంకో లైన్లో ఉన్నారు. ఏం దంచుతున్నారు?"

"ఏమీ లేదు. వట్టి రోలే" అన్నాను. "చప్పుడు కావాలన్నావుగా అప్పుడు. పైకొచ్చి పట్టుకో."

రెండో ఫోనులో ఉమ మాట్లాడటం నాకు వినిపించింది. "మా అత్తగారు పచ్చడి దంచుతున్నారండి. ఐదు నిమిషాల్లో అయిపోతుంది."

మళ్లీ నాతో, "కెమెరా, మైకు ఎప్పుడో ఇచ్చేశాను కదత్తయ్యా. మీరు కానివ్వండి" అని పెట్టేసింది.

బండ తీసి పక్కన పెట్టాను. ఆ ఐదు నిమిషాలూ అలాగే కూర్చున్నాను.