మహేందర్ విన్న సినిమా

మహేందర్ ‘మబ్బుల మేళం’ సినిమా చూడలేదు, విన్నాడు. ఆ ఎండాకాలమంతా వింటూనే ఉన్నాడు.

అతని క్యాబ్ ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి తిరిగేది. పొద్దున లింగంపల్లి వైపు కాలనీల్లో ఉద్యోగులను ఎక్కించుకుని హైటెక్ సిటీలో దించడం, సాయంత్రం మళ్లీ ఇళ్లకు చేర్చడం అతని పని. రోజూ ఎక్కేవాళ్లలో యశస్విని అనే అమ్మాయి ఒకతె. చందానగర్‌లో పుట్టి పెరిగిన పిల్ల. ఎక్కీ ఎక్కగానే తన ఫోను కారుకు కలిపి, “మహేందరన్నా, జర సౌండ్ పెంచవా” అనేది. ఇక కారంతా మేళమే.

అది బొమ్మల సినిమా. తీసింది పిల్లల కోసమే గానీ పిచ్చి పట్టింది మాత్రం పెద్దవాళ్లకు. యశస్విని దాన్ని మొదటిసారి చూసిన మర్నాడు కళ్లు ఉబ్బి, ముక్కు ఎర్రబడి కారెక్కింది. ఎవరైనా పోయారేమోనని మహేందర్ కంగారుపడ్డాడు.

“మేడమ్, ఇంట్ల అందరు మంచిగున్నరా?”

“మంచిగనే ఉన్నరన్నా. మబ్బు పోయింది” అని మళ్లీ ఏడ్చింది.

ఆ తరువాత ఆ అమ్మాయి పాట వింటూ తన ముఖాన్ని తానే వీడియో తీసుకోవడం మొదలుపెట్టింది. ఏ మాట దగ్గర ఏడుపు వస్తుందో ఆన్‌లైన్‌లో పెట్టి ఊరందరికీ చూపించేది. మాకూ సరిగ్గా అక్కడే వచ్చిందని దాని కింద ఎవరెవరో రాసేవారు. వాటిని పైకి చదివి వినిపించేది. ఆమె పక్కన కూర్చునే మధుసూదన్‌ది కాకినాడ. మీసం పెద్దది, మాట తక్కువ. “పిల్లల సినిమాకి ఇంత గొడవేంటండి” అని మొదట్లో విసుక్కున్నాడు. ఒక ఆదివారం మేనల్లుడి బలవంతం మీద వెళ్లి చూసి వచ్చాడు. సోమవారం కారులో అందులోని ఒక నెమ్మది పాట మొదలవగానే ముఖం కిటికీ వైపు తిప్పుకుని జేబురుమాలు తీశాడు.

“ఏసీ గాలి కళ్లలో కొడుతోందండి” అన్నాడు.

మహేందర్ ఏసీ తగ్గించాడు.

మొదట్లో అతనికి ఆ పాటలంటే తలనొప్పిగా ఉండేది. కానీ రోజూ చెవిలో పడుతుంటే ఎవరికి మాత్రం రాకుండా ఉంటాయి? అందరినీ దించేసి ఖాళీ కారుతో వస్తుంటే తనకు తెలియకుండానే అవే నోట్లోకి వచ్చేవి. పాటలన్నీ వరసగా వచ్చేశాక వాటిని పట్టుకుని మనసులో ఒక సినిమా కూడా అల్లుకున్నాడు. పిట్టమబ్బు అనే చిన్న మబ్బు ఉంది. దానికొక తల్లిమబ్బు ఉంది. తల్లి ఎటో వెళ్లిపోతుంది. ‘ఆగవే ఆగవే అమ్మా మబ్బా, నేనింకా తడవలేదు’ అని పిల్ల ఏడుస్తుంది. ఉరుములూ మెరుపులూ మేళం కట్టుకుని పిల్లను వెంటబెట్టుకుని వెతకబోతాయి. చివరి పాట ‘వచ్చె వచ్చె చూడరో’ అని డప్పులతో దద్దరిల్లుతుంది కాబట్టి తల్లి దొరికినట్టే. కథ కంచికి.

ఇంట్లో మాత్రం పాటలూ లేవు, మాటలూ లేవు.

మహేందర్ భార్య సునీత జ్వరంతో పోయేనాటికి కూతురు అనూషకు మూడేళ్లు. పిల్లను జోగిపేటలో అత్త కనకమ్మ దగ్గర వదిలి పట్నం వచ్చి డ్రైవరుగా కుదిరాడు. నెలకోసారి యాపిల్ పళ్లతో వెళ్లేవాడు. చుట్టం వచ్చిపోయినట్టు వచ్చిపోయేవాడు. ఇప్పుడు కనకమ్మకు మోకాళ్లు పూర్తిగా పోయాయి. ఆమెను కొడుకు తన ఊరికి తీసుకుపోయాడు. తొమ్మిదేళ్ల అనూష ఒక సంచీతో బోరబండలోని తండ్రి గదికి వచ్చింది.

పిల్ల మంచిది. చెప్పిన మాట వింటుంది. పెట్టింది తింటుంది. అదే మహేందర్‌ను భయపెట్టేది. రంగుపెన్సిళ్లు తెచ్చాడు, బిర్యానీ తెచ్చాడు, గొలుసులున్న చెప్పులు తెచ్చాడు. అన్నింటికీ ఒకే ఒక్క “ఊఁ”. పక్కగది లక్ష్మమ్మతో మాత్రం గలగలా మాట్లాడేది. అతను తలుపు తీయగానే ఆ మాటలు టక్కున ఆగిపోయేవి.

“నన్ను జూస్తె భయమా దానికి?” అని అడిగాడొకసారి లక్ష్మమ్మను.

“భయమెందుకు తమ్మీ? నువ్వు తెల్వదు దానికి. తెల్వాలె గద ముందుగాల” అంది ఆమె చాటలో బియ్యం ఏరుతూ.

ఎట్లా తెలియజెప్పుకోవాలో మహేందర్‌కు తోచలేదు.

ఒక శనివారం సాయంత్రం అతను పొయ్యి దగ్గర ఉల్లిగడ్డలు వేయిస్తున్నాడు. అనూష గుమ్మంలో గిన్నెలు కడుగుతూ చిన్నగా కూనిరాగం తీస్తోంది. ‘ఢం ఢం ఢమారం, ఉరుమన్న వచ్చిండు...’ అని ఆపేసింది. తరువాతి ముక్క గుర్తు రాలేదో ఏమో.

“‘గడప దాటి గంతేసి గొడుగులన్ని విరిచిండు’” అన్నాడు మహేందర్, గరిటె తిప్పుతూనే.

గిన్నెల చప్పుడు ఆగింది. తల తిప్పి చూస్తే, చేతుల నిండా సబ్బు నురగతో పిల్ల అతన్నే చూస్తోంది.

“నీకెట్లెరుక?”

ఇంటికి వచ్చినప్పటి నుంచి ఆ పిల్ల అతన్ని అడిగిన మొదటి ప్రశ్న అది.

“కార్ల రోజు వింట గద. అన్ని పాటలు ఎరుకే.”

“అన్నీనా?”

“అన్ని.”

ఉల్లిగడ్డలు మాడిన వాసన వచ్చాక గానీ ఇద్దరూ ఈ లోకంలోకి రాలేదు. బళ్లో ఆ రోజు గోడ మీద ఆ సినిమా వేశారట. సగంలో గంట కొట్టి అందరినీ ఇళ్లకు పంపేశారట. మిగతా సగం ఏమైందో తెలియక పిల్ల మధ్యాహ్నం నుంచి కొట్టుకుపోతోంది. మహేందర్ దగ్గర పాటలున్నాయి, బొమ్మలు లేవు. ఆమె దగ్గర బొమ్మలున్నాయి, చివర లేదు. ఆ రాత్రి మాడిన కూరతోనే అన్నం తింటూ ఇద్దరూ కలిసి సినిమా కట్టుకున్నారు. అతను ఒక పాట పాడితే, అందులో ఎవరెవరు ఎట్లా ఉంటారో ఆమె చెప్పింది.

“ఉరుమన్న లావుగుంటడు గద, గుమ్మి లెక్క?” అన్నాడతను.

“కాదు! సన్నగ, పుల్ల లెక్కుంటడు. గొంతే పెద్దగుంటది.”

“అయ్యో, నేనింకా పెద్ద పైల్వాను అనుకుంటి.”

అనూష నవ్వింది. నోట్లో అన్నం మెతుకులతో, ముందు పన్ను లేని చిగురుతో. ఆ నవ్వు చూసి మహేందర్ ఇంకా ఇంకా తప్పులు చెప్పాడు. మెరుపక్కను మగవాణ్ని చేశాడు, గాలి తాతకు గడ్డం తీసేశాడు. పిల్ల ప్రతిదానికీ “కాదూ!” అని అరిచి సరిదిద్దింది.

పడుకునే ముందు చీకట్లో అడిగింది.

“తల్లిమబ్బు కొండ అవుతలికి పొయ్యేటప్పుడే గంట కొట్టిన్రు. మళ్ల వస్తదా?”

“వస్తది బిడ్డా. ఆఖరి పాటల వస్తది” అన్నాడు మహేందర్ నిబ్బరంగా.

సోమవారం కారులో ఆ సంగతి సంబరంగా చెప్పాడు. “తల్లి వస్తదని చెప్పిన మేడమ్ మా బిడ్డకు. అంతే గద?”

అద్దంలో చూస్తే యశస్విని పెదవి కొరుక్కుంటోంది.

“అన్నా, నువ్వింకా సినిమా చూడలేదా?”

మధుసూదన్ గొంతు సవరించుకున్నాడు. “తిరిగి రాదండి ఆవిడ. కొండకి అవతల ఎండిపోయిన ఊరుంటుంది. దానిమీద మొత్తం కురిసేస్తుంది. ఇంక మబ్బుండదు. ఆఖర్లో వచ్చేది వానండి. ఆ వానే వాళ్లమ్మని పిల్లకి తెలుస్తుంది. అందుకే ఆ డప్పులు.”

సిగ్నల్ పచ్చబడింది. మహేందర్ చూడలేదు. వెనక బండ్ల హారన్లన్నీ ఒక్కసారిగా మోగాకే కదిలాడు.

తల్లి లేని పిల్లకు తల్లి వస్తుందని మాటిచ్చేశాడు. బళ్లో మిగతా సగం వేస్తే? ఎవరో చెబితే? దిగేటప్పుడు మధుసూదన్ అతని కిటికీ దగ్గర ఆగాడు.

“మా అమ్మ పోయిన ఏడాది పోయిందండి. హాల్లో ఆ ‘ఆగవే’ పాట వచ్చినప్పుడు నేను ఆపుకోలేకపోయాను. సిగ్గేసింది. పక్కకి చూస్తే ఎవరో తెలియని పెద్దాయన, ఆయనా ఏడుస్తున్నాడు. ఎందుకో ధైర్యంగా అనిపించింది. పాపని తీసుకెళ్లండి మహేందర్ గారూ. కాకపోతే ముందు సంగతి మీరే చెప్పండి, హాల్లో తెలియడం కంటే.”

ఆ ఆదివారం హైటెక్ సిటీ దగ్గరి ఒక మాల్‌లో అభిమానులందరూ కలిసి పాడుకునే ఆట ఉంది. తెర మీద పాటల మాటలు పడతాయి, హాలు హాలంతా పాడుతుంది. యశస్విని తనవాళ్లతో పాటు మహేందర్‌కూ అనూషకూ సీట్లు పట్టింది.

బోరబండ స్టేషన్‌లో లోకల్ రైలు కోసం సిమెంటు బెంచీ మీద కూర్చున్నారు. అనూష కొత్త గౌను వేసుకుంది. లక్ష్మమ్మ రెండు జడలు వేసి పంపింది. మహేందర్ నీళ్ల సీసా తీసి తాగి, మూత పెట్టి, మళ్లీ తీశాడు.

“అనూ, నేనొకటి తప్పు చెప్పిన బిడ్డా. ఆ తల్లిమబ్బు... మళ్ల రాదంట.”

పిల్ల కాళ్లు ఊపుతూ పట్టాల వైపు చూసింది.

“ఎరుకే నాయినా. మా క్లాసు బుజ్జి చెప్పింది బళ్ల.”

“మరి నాకెందుకు చెప్పలే?”

“నువ్వు వస్తదని అంత సంబురంగ చెప్తివి. కాదంటె బాధపడ్తవని.”

ఆ పిల్ల వారమంతా తనను కాపాడుకుంటూ వచ్చిందన్నమాట. మహేందర్ ఆమె జడ ముడి వదులైనట్టు నటించి దాన్ని సరిచేశాడు, తన కళ్లు కనబడకుండా. అంతలో రైలు వచ్చింది.

హాలు ముందు పెళ్లి సందడిలా ఉంది. పెద్ద పెద్ద ఉద్యోగాలు చేసేవాళ్లు దూదిమబ్బులు తలకు గుచ్చుకుని తిరుగుతున్నారు. యశస్విని ఒకటి అనూష జడకు, ఇంకొకటి మహేందర్ జేబుకు పెట్టింది. మధుసూదన్ తల మీది దూది కొంత మీసానికి అంటుకుని ఉంది. ఎవరూ చెప్పలేదు. అనూష చెప్పింది.

లోపల పిట్టమబ్బు కనబడగానే ఈలలు, చప్పట్లు. ఉరుమన్న పాటకు కుర్చీలు అదిరాయి. అనూష లేచి నిలబడి గొంతు చించుకుని పాడింది. మహేందర్ మాత్రం తెర కన్నా ఆమెనే ఎక్కువ చూశాడు. బొమ్మలు తను అనుకున్నట్టు ఒక్కటీ లేవు.

నెమ్మది పాట వచ్చింది. ‘ఆగవే ఆగవే అమ్మా మబ్బా’ అని అంతమంది ఒకేసారి గొంతు తగ్గించి పాడారు. ముందు వరసలో ఎవరో వెక్కుతున్నారు. అనూష పాడటం లేదు. అతని చెవి దగ్గరికి వంగింది.

“నాయినా, అమ్మ పాడుతుండెనా?”

ఆరేళ్లుగా ఎవరూ అతన్ని సునీత గురించి అడగలేదు. అతనూ చెప్పలేదు.

“పాటలు రావు బిడ్డా మీ అమ్మకు. ఈల కొడుతుండె.”

“ఈలనా?”

“ఆఁ. చేన్లకెల్లి నన్ను పిలవాల్నంటె ఈలనే. మీ అమ్మమ్మ చీపురు పట్టుకొని ఉరికిస్తుండె, ఆడిపిల్ల ఈలేస్తదా అని.”

కనకమ్మ చీపురుతో పరిగెత్తడం కళ్లకు కట్టిందేమో, అనూష కిసుక్కున నవ్వింది. హాలంతా ఏడుస్తున్న చోట ఆ నవ్వు పెద్దగా వినబడింది. ముందువాళ్లు వెనక్కి తిరిగి చూశారు. పిల్ల రెండు చేతులతో నోరు మూసుకుంది, అయినా భుజాలు ఆగలేదు. మహేందర్‌కూ నవ్వు వచ్చింది. ఆ నవ్వులోనే ఏడుపూ వచ్చింది. ఏది ఏదో తేల్చుకోకుండా రెండింటినీ రానిచ్చాడు. ఆమె చేయి అతని ముంజేతి మీద ఉంది. ఆట అయ్యేదాకా తీయలేదు.

తిరుగు రైలు ఆలస్యమైంది. హైటెక్ సిటీ స్టేషన్ ప్లాట్‌ఫారం మీద అనూష ఒకదాని వెంట ఒకటి అడుగుతూనే ఉంది. అమ్మకు ఏ కూర ఇష్టం? చింతచిగురు. అమ్మ దేనికి భయపడేది? బర్రెలకు కాదు, పాములకు కాదు, టెలిఫోనుకు. మోగితే ఎత్తేది కాదు. ఎందుకు? ఏమో, ఎన్నడూ చెప్పలేదు. చెబుతూ ఉంటే ఇంకా ఇంకా గుర్తొచ్చాయి, మరిచిపోయానని అతను అనుకున్నవన్నీ.

ఇప్పుడు వానాకాలం. యశస్విని వేరే సినిమా మీద పడింది, కారులో పాటలు మారాయి. మధుసూదన్ వాటిని ఇంకా ఒప్పుకోవడం లేదు. బోరబండ గదిలో సాయంత్రమైతే కొట్లాటలు వినబడుతున్నాయని లక్ష్మమ్మ కంప్లయింటు. వంటలో ఉప్పు గురించి, జడల గురించి, ఎవరు ముందు స్నానం చేయాలన్నదాని గురించి. మధ్యమధ్యలో ఉఫ్ ఉఫ్‌మని గాలి శబ్దం. అనూష ఈల నేర్చుకుంటోంది. పన్ను లేని సందులోంచి గాలి పోతోందే తప్ప ఈల రావడం లేదు.

“నువ్వన్న కొట్టి సూపియ్యి నాయినా” అంటుంది.

మహేందర్ పెదవులు గుండ్రంగా చేసి ఊదుతాడు. అతనికీ రాదు.