చివరి చరణానికి ముందు కప్పిన శాలువా

ఆ రోజుల్లో మా తెలుగు చర్చిలో శాలువా నుంచి తప్పించుకుని బయటపడ్డ మనిషి లేడు. ఇండియా నుంచి వచ్చిన పాస్టరుగారికి శాలువా, హైస్కూలు పూర్తిచేసిన పిల్లకి శాలువా, చర్చి ఏసీ బాగుచేసిన మెకానిక్కి కూడా శాలువా (పాపం, అదెందుకో తెలియక దాంతో చేతులు తుడుచుకున్నాడు). అప్పుడు నాకు ఇరవై ఏడేళ్లు. అమెరికాలో, జార్జియా రాష్ట్రం అల్ఫారెట్టాలో కొత్త ఉద్యోగం, చేతిలో చర్చి మైకు. కార్యక్రమం ఏదైనా యాంకర్ని నేనే. ఒక మనిషంటే ఇష్టముంటే పదిమంది ముందు నిలబెట్టి చప్పట్లు కొట్టించాలని గట్టిగా నమ్మేదాన్ని. నోరు మూసుకుని కూర్చోవడం కూడా ఇష్టపడటమేనని తెలిసేసరికి బాగా ఆలస్యమైంది.

నేను అద్దెకున్న ఇంటి ఆంటీ కొడుకు మా చర్చిలో గిటారు వాయించేవాడు. ఎంత ఎండలోనైనా కౌబాయ్ బూట్లు విప్పడు కాబట్టి అందరం బూట్లబ్బాయి అనేవాళ్లం. పుట్టింది, పెరిగింది జార్జియాలోనే. పన్నెండేళ్లకి గిటారు పట్టాడు, పదహారేళ్లకి కంట్రీ పాటలు (అక్కడి కౌబాయ్‌ల పల్లెపాటలు) రాయడం మొదలుపెట్టాడు, కాలేజీ అయ్యాక చేరిన బ్యాంకు ఉద్యోగం ఏడాదికే మానేశాడు. ఇక ప్రతి సోమవారం నాలుగు గంటలు డ్రైవ్ చేసుకుని ఆ పాటల పుట్టిల్లు నాష్‌విల్‌కి వెళ్లడం, ఎవరైనా పాడొచ్చనే చోట క్యూలో నిలబడి ఒకే ఒక్క పాట పాడి తిరిగి రావడం. వాళ్ల నాన్నగారు "గుర్రం లేదు, గడ్డి లేదు, వీడికి ఈ పాటలేంటమ్మా!" అని నా దగ్గర నిట్టూర్చేవారు. ఆంటీ హాస్పిటల్లో నర్సు. ఆవిడ మాత్రం ఏమీ అనకుండా సోమవారం సోమవారం వాడి కారులో పులిహోర డబ్బా పెట్టేది.

రెండేళ్లు అలా తిరిగాక నాష్‌విల్‌లోనే ఒక చిన్న హాల్లో వాడికి అవకాశం వచ్చింది. పాటలు రాసేవాళ్లు నలుగురు మధ్యలో గుండ్రంగా కూర్చుని వంతులవారీగా సొంత పాటలు పాడతారు. చుట్టూ జనం కిక్కురుమనకుండా వింటారు. అక్కడి పద్ధతి అది. మంచి పాటలు ఏరి పేరున్న గాయకులకి ఇప్పించే ఒకావిడ ఆ సాయంత్రం వీడి పాట వినడానికే వస్తానందట. "అక్కా, జస్ట్ నువ్వు, అమ్మ, డాడ్ రండి. ఎక్కువ మంది వద్దు, ప్లీజ్. అక్కడ సైలెంట్‌గా ఉండాలి" అన్నాడు. నేను ఇరవై రెండు మందిని పోగుచేశాను. వద్దన్నవాణ్ని చూసి మొహమాటపడుతున్నాడనుకోవడం మనకి అలవాటే కదా. రెండు వ్యాన్లు, బిర్యానీ ట్రేలు, నా సంచిలో శాలువా. మామూలు ప్రకారం గంట ఆలస్యంగానే బయలుదేరాం. కానీ నాష్‌విల్ గడియారం జార్జియా కంటే గంట వెనక నడుస్తుంది. దాంతో మా చర్చివాళ్లం మొదటిసారి ఒక చోటికి సరిగ్గా టైముకి చేరాం. ఆ గంట కలిసిరాకపోయుంటే ఎంత బాగుండేదో!

నిజం చెప్పాలంటే మావాళ్లు చాలా బుద్ధిగా కూర్చున్నారు. ఒక అంకుల్ దగ్గు కూడా బయటికెళ్లి దగ్గి వచ్చారు. వీడి వంతు వచ్చింది. నర్సు యూనిఫాంలో స్కూలుకి లంచ్ బాక్స్ తెచ్చిన అమ్మ మీద పాట. మొదటి చరణంలో అమ్మ గేటు దగ్గర నిలబడి చేయి ఊపుతుంది. రెండో చరణంలో ఆవిడెవరని స్నేహితులు అడిగితే ఏడేళ్ల పిల్లవాడు "మా ఇంట్లో పనిచేసే ఆవిడ" అంటాడు. (ఇదంతా తర్వాత తెలుసుకున్నదే. అప్పుడు నేను శాలువా మడతలు సరిచేసుకుంటున్నాను.) అక్కడ గిటారు ఆగింది. వాడు కళ్లు మూసుకున్నాడు. హాలంతా ఊపిరి బిగబట్టింది. కంట్రీ పాటలో అసలు సంగతి చివరి చరణంలో ఉంటుందని, దాని ముందు అలా ఆపడం పనితనమని నాకేం తెలుసు? పాట అయిపోయింది, ఒక్కరూ చప్పట్లు కొట్టట్లేదు, మన పిల్లాడి పరువు పోతోందనుకుని లేచాను.

"ప్రైజ్ ది లార్డ్! మన చర్చి తరఫున చిన్న సన్మానం!" అని తెలుగులోనే కేకేసి, చర్చి ప్రెసిడెంట్ అంకుల్‌ని వెంటబెట్టుకుని మధ్యలోకి నడిచి, గిటారుతో సహా వాడికి శాలువా కప్పించేశాను. మావాళ్లంతా లేచి ఒకటే చప్పట్లు. మిగతా ముగ్గురు గాయకులూ మర్యాదకి చప్పట్లు కలిపారు, ఇక వీడి వంతు అయిపోయినట్టేనని వాళ్లలో ఒకాయన తన పాట ఎత్తుకున్నాడు. వీడు శాలువా కప్పుకునే "థాంక్యూ అక్కా" అన్నాడు. పాటలు ఏరే ఆవిడ వెళ్లేటప్పుడు నా చేయి పట్టుకుని, మీది ఎంత చక్కటి కుటుంబమో అని ఇంగ్లీషులో మెచ్చుకుంది. వాడితో మాత్రం ఏమీ మాట్లాడలేదు.

తిరుగు ప్రయాణంలో ఆంటీ నా పక్కనే కూర్చుంది. "ఏంటాంటీ, అలా ఉన్నారు? మనోడు ఇరగదీశాడు కదా!" అన్నాను. "బానే రాశాడమ్మా. జరిగిందే రాశాడు" అని కిటికీ వైపు తిరిగింది. ఇంకో చరణం ఉందని ఆవిడకీ తెలియదు. వారం తర్వాత వాడే నాకు చెప్పాడు. ఆ అమ్మ ఆ మాట వింటుందట. విని, మర్నాడు మళ్లీ లంచ్ బాక్స్ పట్టుకుని అదే గేటు దగ్గరికి వస్తుందట. పద్దెనిమిదేళ్లుగా చెప్పలేకపోయిన సారీ అంతా ఆ నాలుగు లైన్లలో ఉంది. అమ్మ ఎదురుగా కూర్చుంటే పాడదామనే ఆవిడని రమ్మన్నాడు.

వాడు నన్ను ఏమీ అనలేదు. అని ఉంటే ఇంత కాలం మోసేదాన్ని కాదేమో. ఇంకో ఏడాది నాష్‌విల్ చుట్టూ తిరిగి, తర్వాత ఇన్సూరెన్స్ ఆఫీసులో చేరాడు. ఇప్పుడు గిటారు ఆదివారాలకే బయటికి వస్తుంది. నా వల్లే కదరా అంటే "నో అక్కా, అదొక్కటే రీజన్ కాదు" అంటాడు. అదొక్కటే కాదన్నాడు గానీ, అది కాదని అనలేదు. మొన్న వాళ్లింటికి వెళ్లినప్పుడు ధైర్యం చేసి అడిగాను.

"ఆ లాస్ట్ వెర్స్ అమ్మకి ఎప్పుడైనా పాడావా?"

"ట్రై చేశా అక్కా, కిచెన్‌లో. గిటార్ తీశాను. అమ్మ 'ఇప్పుడవన్నీ ఎందుకు నాన్నా, అన్నం తిను' అంది."

"తిన్నావా?"

"తిన్నా."

ఇద్దరం నవ్వాం.

ఆ రోజు మావాళ్లెవరో తీసిన వీడియో ఇంకా నా ఫోన్‌లో ఉంది. పట్టుచీర కట్టుకున్న పిల్ల ఒకతె ఏదో ఘనకార్యం చేయబోతున్నట్టు వెలిగిపోతూ నడిచొస్తుంటుంది. ఎన్నిసార్లు చూసినా ఆ మొహాన్ని తిట్టడానికి నోరు రాదు. కొంగు పట్టుకు లాగి నా పక్కన కూర్చోబెట్టుకోవాలనిపిస్తుంది. "ఒక్క నిమిషం ఆగవే తల్లీ, వాడింకా పాడుతున్నాడు."