ఓపెన్ మైక్‌కి బందోబస్తు

నర్సీపట్నం టౌన్‌కి ఎస్సైగా నన్ను వేసింది కరోనా తగ్గుముఖం పట్టిన ఏడాది. అప్పటికి నా సర్వీసు ఇంకా రెండేళ్లే మిగిలి ఉంది. కానిస్టేబుల్‌గా చేరి, హెడ్ కానిస్టేబుల్, ఏఎస్సై మెట్లన్నీ ఎక్కి వచ్చినవాణ్ణి. పరీక్ష రాసి నేరుగా ఎస్సై అయిన కుర్రవాళ్లకు చట్టం సెక్షన్లు నాకంటే బాగా వచ్చు. జనం ఎప్పుడు అదుపు తప్పుతారో మాత్రం వాళ్లకంటే నాకే ముందు తెలుస్తుంది. కోటవురట్ల నుంచి కొయ్యూరు దాకా నేను తాడు పట్టుకొని నిలబడని జాతర లేదంటే అతిశయోక్తి కాదు.

ఆ కార్తీకమాసంలో డీఎస్పీ గారి ఆఫీసు నుంచి ఒక మైకు పర్మిషన్ దరఖాస్తు నా రిపోర్టు కోసం వచ్చింది. సభ ఏదైనా, పెళ్లి ఊరేగింపైనా మైకు పెట్టాలంటే ముందు అనుమతి కావాలి. స్టేషన్ ఎస్సై విచారించి, గొడవలకు ఆస్కారం ఉందో లేదో రాస్తే, పైవాళ్లు షరతులతో ఇస్తారు. దరఖాస్తు పెట్టింది హారిక అనే అమ్మాయి. ఏదో సాఫ్ట్‌వేర్ కంపెనీ ఉద్యోగం ఇంటి నుంచే చేసుకుంటూ, ఖాళీ సాయంత్రాల్లో ఊళ్లోవాళ్లను పోగుచేసి పాటలూ పద్యాలూ పెట్టిస్తుండేది. దీన్నే ఓపెన్ మైక్ అంటారని, ముందుగా పేరిచ్చిన వాళ్లెవరైనా స్టేజీ ఎక్కి తమకు వచ్చింది చేయొచ్చని నాకు వివరించింది. అంతవరకూ బాగానే ఉంది. కార్యక్రమ వివరం అన్నచోట మాత్రం 'శాస్త్రీయ సంగీతం, కేబరే' అని రాసింది.

ఆ ఒక్క మాట ఎలా పొక్కిందో గానీ, ఊరు భగ్గుమంది. మర్నాడే రంగనాయకులు గారు పిటిషన్ పట్టుకొని స్టేషన్‌కి వచ్చారు. ఆయన రైస్ మిల్లు యజమాని, భజన మండలికి పెద్ద.

"ఏటండీ ఎస్సైగారూ ఇది! కార్తీకమాసంలో కేబరేయేటండీ? అదీ సంగీతం టీచరు విశాలాక్షి గారు కీర్తన పాడే స్టేజీ మీదా? రికార్డింగ్ డాన్సుకి ఇంగ్లీషు పేరెట్టీసి మీ కళ్లకి గంతలు కట్టీస్తన్నారు" అన్నారు.

రికార్డింగ్ డాన్స్ అంటే తెలియని పాఠకులకు ఒక మాట. జాతరల్లో సినిమా పాట రికార్డు పెట్టి ఆడే ఆట అది. మొదట మామూలు డాన్సుగానే ఉంటుంది. కాసేపటికి అసభ్యంలోకి దిగుతుంది, నోట్లు విసరడం మొదలవుతుంది, తాగినవాళ్లు తలలు పగలగొట్టుకుంటారు. దానికి అనుమతి ఉండదు. ఆపడానికి మా పద్ధతి ఒకటుంది. ఇద్దరు జనరేటర్ దగ్గరికి వెళతారు, ఒకరు మైకు దగ్గరికి. ఎస్సై మాత్రం జనం నడుమ నుంచి తిన్నగా స్టేజీ వైపు నడుస్తాడు. ఖాకీ కనబడగానే ఆట ఆగిపోతుంది. ఆ నడక నాకు బాగా అలవాటు, అందులో నాకు మంచి పేరే ఉండేది.

చూడకుండా రిపోర్టు రాయడం నా తత్వం కాదు. కేబరే పాడే మనిషెవరో కనుక్కుని, ఒక మహిళా కానిస్టేబుల్‌ని వెంటబెట్టుకొని వెళ్లాను. ఆవిడ పేరు మంగతాయారు. వయసు అరవై దాటింది. బస్టాండు వెనక వీధిలో చిన్న గది అద్దెకు తీసుకొని జాకెట్లు కుడుతుంది. మమ్మల్ని చూడగానే మిషను ఆపి లేచి గోడకు ఆనుకొని నిలబడింది. కూర్చోమంటే కూర్చోలేదు.

అడిగినదానికి దాపరికం లేకుండా చెప్పింది. పడుచుతనంలో ఒక నాటక సమాజంలో పనిచేసిందట. అప్పటి సాంఘిక నాటకాల్లో విలన్ డెన్ సీను ఒకటి తప్పకుండా ఉండేది. అందులో గ్లాసు పట్టుకొని పాడుతూ ఆడే క్లబ్ డాన్సర్ వేషం ఈవిడది. పాట స్వయంగా పాడేది, ఆ సమాజం హార్మోనిస్టు కట్టిన పాట. నాటకాలు మూలపడ్డాక పొట్టకూటి కోసం కొన్నాళ్లు రికార్డింగ్ డాన్సు ట్రూపుల్లోనూ తిరిగింది. రెండు మూడుసార్లు పోలీసు వ్యానెక్కింది. ఆ తర్వాత మిషను కొనుక్కుంది. ఇప్పుడు డాన్సు మాట లేదు, మోకాళ్లు సహకరించవు, పాట మాత్రమే పాడతానంది.

ఇన్నేళ్ల తర్వాత ఇప్పుడెందుకు అని అడిగాను.

"నాటకం అయిపోనాక అందరి పేర్లూ మైకులో సెప్పీవోరండి. హార్మోనీ ఎవరు, లైటింగు ఎవరు, ఆకరికి తెర లాగినోడి పేరు కూడా. నాది మాత్రం క్లబ్ డాన్సర్ అని సదివీసీవోరు. నా పేరు మైకులో ఒక్కపాలి ఇనాలనుంది బాబూ, మరేటీ లేదు" అంది.

నాకు ఆ మాట గుచ్చుకుంది. స్టేషన్‌కి వచ్చి రిపోర్టు రాశాను. కార్యక్రమానికి అనుమతి ఇవ్వవచ్చునని, అయితే షరతులు ఉండాలని సూచించాను. రికార్డు చేసిన పాటలు, ట్రాకులు వాడకూడదు. నోట్లు విసరకూడదు. రాత్రి పదికి మైకు కట్టేయాలి. పాల్గొనే ప్రతి ఒక్కరి పూర్తి పేరు మైకులో ప్రకటించాలి. ఈ చివరి షరతు ఏ మాన్యువల్‌లోనూ లేదు. పైన ఎవరూ ప్రశ్నించలేదు, నేనూ సంజాయిషీ చెప్పుకోలేదు.

మొదటి షరతు వల్ల ఒక చిక్కు వచ్చిపడింది. హారిక ఆ పాటకి కంప్యూటర్లో వాద్యాలు కట్టించి ఉంచిందట. అది ట్రాకు కిందికే వస్తుంది. "సార్, మరి ఆవిడ వాద్యం లేకుండా ఎలా పాడుతుంది?" అని ఫోన్లో మొత్తుకుంది. రికార్డు అన్నది ఉంటేనే రికార్డింగ్ డాన్స్ అనడానికి ఎవరికైనా నోరు లేస్తుంది, అది లేకపోతే పిటిషన్ నిలవదని చెప్పాను. స్టేజీ మీద విశాలాక్షి గారికి ఎలాగూ మృదంగం ఉంటుంది కదా, అడిగి చూడమన్నాను. ఆ షరతు సరైనదేనని ఇప్పటికీ నా నమ్మకం.

కార్యక్రమం ఒక కల్యాణ మండపంలో పెట్టారు. హాలు నిండిపోయింది, గోడల వెంట నిలబడ్డారు. సగంమంది సంగీతం కోసం, సగంమంది గొడవ కోసం వచ్చారని చూడగానే తెలిసింది. గొడవ రావచ్చనుకున్న ఐటమ్‌ని చివర పెట్టకూడదు. జనం అదే వేడితో రోడ్డు మీద పడతారు. అందుకే మంగతాయారు పాటని నడుమ పెట్టించాను. రంగనాయకులు గారిని మొదటి వరుసలో, అందరికీ కనబడేలా కూర్చోబెట్టాను. ఫిర్యాదు చేసిన పెద్దమనిషిని దగ్గర కూర్చోబెట్టుకుంటే ఆయన అనుచరులు వెనక కుదురుగా ఉంటారు. నేను హాలు గేటు దగ్గర నిలబడ్డాను.

ఏటికొప్పాక నుంచి వచ్చిన ఒక బొమ్మలు చేసే ఆయన మిమిక్రీ చేసి అందర్నీ నవ్వించాడు. ఇద్దరు కాలేజీ ఆడపిల్లలు గిటారుతో పాడారు. తర్వాత విశాలాక్షి గారు కూర్చున్నారు. ఊళ్లో రెండు తరాల పిల్లలకి సరళీ స్వరాలు నేర్పిన టీచరమ్మ ఆవిడ. పొట్టి మనిషి, చూపులోనే బెత్తం ఉంటుంది. మోహనలో ఒక కీర్తన అందుకున్నారు. గొడవ కోసం వచ్చినవాళ్లు సైతం సెల్‌ఫోన్లు జేబులో పెట్టుకున్నారు. నాకు రాగాల లోతు తెలియదు గానీ నిశ్శబ్దం ఎలాంటిదో తెలుసు. అది విసుగు నిశ్శబ్దం కాదు.

కీర్తన అయ్యాక ఆవిడ స్టేజీ దిగలేదు. శ్రుతిపెట్టె మోగుతూనే ఉంది. హారిక మైకు తీసుకొని, "తర్వాత పాడబోయేది శ్రీమతి గుడివాడ మంగతాయారు గారు" అని ప్రకటించింది. మంగతాయారు ముదురాకుపచ్చ చీర కట్టుకొని, తనే కుట్టుకున్న జరీ అంచు జాకెట్టుతో వచ్చి నిలబడింది. వెనక వరుసల్లో ఎవడో ఈల వేశాడు.

మృదంగం సన్యాసిరావు గారు చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చున్నారు. క్లబ్ పాటకి వాయించనని ఆయన పొద్దున్నే చెప్పేశారని నాకు తెలుసు. విశాలాక్షి గారు ఆయన వంక చూడకుండా మంగతాయారు వైపు తిరిగారు.

"ఏవమ్మా, పదేళ్ల నుంచి నా జాకెట్లు కుడుతున్నావు. పాడతావని ఒక్కనాడైనా చెప్పావా? ఏదీ, గొంతు విప్పు, నీ శ్రుతి చూద్దాం" అన్నారు, మైకు ముందే.

మంగతాయారు సన్నగా ఒక కూత తీసింది. విశాలాక్షి గారు శ్రుతిపెట్టె మీట కొంచెం తగ్గించారు. మృదంగం ఒక శ్రుతికి బిగించి ఉంటుంది, శ్రుతి మారితే దాన్నీ సరిచేసుకోవాలి. హాలంతా సన్యాసిరావు గారి వైపే చూసింది. ఆయన విసుగ్గా సంచిలోంచి రాయి తీసి మృదంగం అంచు మీద టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టారు. ముందు వరుసలో రంగనాయకులు గారు కుర్చీలో కదిలారు.

పాట మొదలైంది. 'దీపాలార్పకు దొరగారూ, నా పాటింకా ఉన్నాదీ' అనేది పల్లవి. గొంతు కాస్త బొంగురు. కానీ ఆ కొంటెతనం, మాట విరిచి వదిలే తీరు, భుజం ఒక్కటి కదిపి హాలంతటినీ పలకరించడం, అవి నేర్పితే వచ్చేవి కావు. మృదంగం మొదట ముక్తసరిగా పలికి, రెండో చరణానికల్లా హుషారెక్కింది. ఆడవాళ్ల వరుసల్లో చప్పట్లు తాళానికి పడ్డాయి. నేనూ గేటు దగ్గర బూటుతో తాళం వేస్తున్నానని మా కానిస్టేబుల్ తర్వాత చెప్పాడు.

అప్పుడే ముందు నుంచి మూడో వరుసలో ఇద్దరు లేచారు. ఒకడు నోటు తీసి గాల్లో ఊపుతూ స్టేజీ వైపు కదిలాడు. ఇంకొక్క క్షణం ఆలస్యమైతే నోటు స్టేజీ మీద పడుతుంది. పడితే అది రికార్డింగ్ డాన్సే అవుతుంది, పిటిషన్ నిజమవుతుంది. నేను బయల్దేరాను. అలవాటైన నడక, నడుమ దారిలో తిన్నగా. ఆ కుర్రాళ్లు నన్ను చూసి నోటు జేబులో తోసుకొని కూలబడ్డారు. పని అయిపోయింది.

కానీ పాట ఆగిపోయింది.

మంగతాయారు నన్నే చూస్తోంది. నేను ఎవరికోసం వచ్చానో ఆమెకు కనబడలేదు. జనం మధ్యలోంచి స్టేజీ వైపు వస్తున్న ఖాకీ ఒక్కటే కనబడింది. పల్లవి సగంలో నోరు మూసుకొని, చీర కొంగు భుజాల చుట్టూ కప్పుకొని, తల వంచుకొని మెట్ల వైపు తిరిగింది. ఎవరూ దిగమనలేదు. వ్యానెక్కిన ఆ రోజులు ఆవిణ్ణి దింపేస్తున్నాయి. ఆ మెట్లు దిగితే మర్నాడు ఊరంతా ఒకటే మాట, మంగతాయారుని పోలీసులు మళ్లీ ఆపేశారని. కాదమ్మా, పాడమని అరిచి చెబుదామంటే, ఎస్సై అరుపు ఆమెకు ఎలా వినబడుతుందో నాకు తెలుసు.

సన్యాసిరావు గారు మాత్రం ఆపలేదు. తాళం అలాగే నడిపిస్తున్నారు. రెండు ఆవర్తాలు మృదంగం ఒక్కటే మోగింది. మూడో ఆవర్తం ఎత్తుగడకి విశాలాక్షి గారు తొడ మీద తాళం వేస్తూ, కళ్లు మూసుకొని, ఇందాక కీర్తన పాడిన ఆ నిండు గొంతుతోనే అందుకున్నారు.

"నా పాటింకా ఉన్నాదీ..."

ఆవిడ నోట ఆ మాట వస్తుందని ఎవరూ అనుకోలేదు. మంగతాయారు మెట్టు మీద కాలు పెట్టినదల్లా ఆగి, ముందు ఆవిడ వైపు, తర్వాత నా వైపు చూసింది. నేను చేయగలిగింది ఒకటే. టోపీ తీసి, స్టేజీ ముందు పిల్లలు కూర్చున్న జంపఖానా మీద మోకాళ్లు మొరాయిస్తున్నా బాసింపట్టు వేసుకొని కూర్చున్నాను. ఆపడానికి వచ్చిన పోలీసు కింద కూర్చోడు.

ఆమె వెనక్కి వచ్చింది. ఇద్దరూ కలిసి పల్లవి రెండుసార్లు పాడారు. ఆ తర్వాత విశాలాక్షి గారు తప్పుకొని ఆమెకే వదిలేశారు. మిగిలిన పాట మంగతాయారు కొంగు నడుముకి దోపుకొని, నా టోపీని చూస్తూ, నన్నే ఆ దొరగారిని చేసి పాడింది. జనం పడీపడీ నవ్వారు. సర్వీసులో నన్ను అంతమంది ముందు ఆట పట్టించింది ఆవిడొక్కతే, నాకు కోపం రాలేదు సరికదా గర్వంగా అనిపించింది. పాట అయ్యాక హారిక మళ్లీ పూర్తి పేరు చెప్పింది. షరతు ప్రకారం ఒక్కసారి చాలు, ఆ అమ్మాయి రెండుసార్లు చెప్పింది.

వెళ్లేటప్పుడు రంగనాయకులు గారిని పిటిషన్ సంగతి అడిగాను. ఆయన కండువా సర్దుకొని, "మృదంగం బాగా వాయించాడండీ సన్యాసిరావు" అని వెళ్లిపోయారు. పిటిషన్ వెనక్కి తీసుకోలేదు. విచారించడమైనది, చర్య అవసరం లేదు అని రాసి నేనే మూసేశాను. కార్యక్రమం ప్రశాంతంగా ముగిసినట్టు జనరల్ డైరీలో రాసుకున్నాం. స్టేషన్‌లో జరిగే ప్రతి పనీ అందులో పడాలి.

మర్నాడు రోల్‌కాల్‌లో మా సిబ్బందికి కొత్త పద్ధతి చెప్పాను. మిగిలిన సర్వీసంతా అదే పాటించాను. అనుమతి ఉన్న కార్యక్రమంలో యూనిఫాం గేటు దగ్గర ఉండాలి, స్టేజీ దగ్గర మఫ్టీలో మనిషి ఉండాలి. అల్లరి చేసేవాడి దగ్గరికి గోడవారగా, పక్క నుంచి వెళ్లాలి. నడుమ దారిలో మనం నడిస్తే అల్లరివాడు ఆగుతాడు నిజమే, కానీ వాడికంటే ముందు స్టేజీ మీద ఉన్న మనిషి ఆగిపోతుంది.