మంచునీళ్ల కిచిడీ

నాకు అరవై నిండిన ఏడాది జనవరిలో, మేముండే హెర్న్‌డన్ ఊరికి దూరంగా వర్జీనియా కొండల్లో ఉన్న ఒక ధ్యాన కేంద్రంలో కిచెన్ మేనేజర్‌గా చేరాను. అక్కడ టీచర్‌దే చివరి మాట. ఆయన తర్వాత కోర్స్ మేనేజర్, ఆ తర్వాత నేను, నా కింద కూరలు తరిగే వాలంటీర్లు. ధ్యానానికి వచ్చినవాళ్లు కోర్స్ అయ్యేదాకా నోరు విప్పకూడదు, సైగ చేయకూడదు. నేనేమో చర్చిలో గొంతెత్తి ప్రార్థన చేసేదాన్ని. నలభై దాటాక అక్షరాలు దిద్దుకున్నదీ అక్కడే, గట్టిగా పలుకుతూ. నోరు మూసుకుని వీళ్లేం సాధిస్తారులే అనుకున్నాను.

ఒక కోర్స్ మధ్యలో పెద్ద మంచు పడింది. తెల్లారేసరికి బోరు మోటారు ఆగిపోయింది. మెకానిక్ సాయంత్రం దాకా రాలేనన్నాడు. మధ్యాహ్నం భోజనం పెట్టలేకపోతే కోర్స్ ఆపేసి అందరినీ ఇళ్లకు పంపాల్సిందేనన్నారు టీచర్. ఆ కబురు తెచ్చింది కోర్స్ మేనేజర్ రమణ. పార్సిప్పనీ అనే ఊళ్లో ఐటీ ఉద్యోగానికి లీవ్ పెట్టి సేవకు వచ్చిన కుర్రాడు.

“ఆంటీ, లంచ్ మేనేజ్ చేయగలరా? ఎంత కష్టపడి లీవ్ తెచ్చుకున్నారో వీళ్లంతా!”

“నీళ్లు లేకుండా పప్పు ఎట్టా ఉడుకుద్దయ్యా? నీ ల్యాప్‌టాప్ మీద పెట్టనా?” అన్నాను. “బయటంతా పడుంది నీళ్లేగా. పైపొర గీకేసి కిందది తెండి.”

గ్యాస్ పొయ్యిలు వెలిగించాం. గిన్నె నిండా మంచు కరిగితే అడుగున కాసిని నీళ్లు. ఉన్న కొద్దిమంది వాలంటీర్లూ మోస్తే రాత్రికి కూడా వంట కాదని తేలిపోయింది.

అంతలో హాల్లోంచి ధ్యానం చేసేవాళ్లు బయటికొచ్చారు. నెరిసిన జుట్టున్న అమెరికన్ ఒకామె, మంచు మోస్తున్న రమణ వంక చూసి, ఖాళీ బకెట్ అందుకుంది. ఆమె వెనక ఇంకొకరు. చూస్తుండగానే కిచెన్ తలుపు నుంచి పచ్చిక బయలు చివరిదాకా వరుస కట్టేశారు. ఎవరూ తల ఎత్తలేదు. “ఇటివ్వు” అన్నవాళ్లు లేరు. బకెట్ చేతిలోంచి చేతిలోకి నడిచొస్తోంది. మా ఇంట్లో ఇద్దరు కలిసి మంచం జరిపితే వీధంతా వినపడుతుంది! గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

కిచిడీకి, టాయిలెట్లకి సరిపడా నీళ్లయ్యాయి. అయినా మంచు బకెట్లు వస్తూనే ఉన్నాయి. చాలని అరవడానికి తలుపు దాకా వెళ్లి, నోరు తెరిచాను. తెరిచిన నోరు మూసుకుని, భోజనం గంట కొట్టాను. బకెట్లన్నీ ఉన్నచోటే నేలకు దిగాయి.

కోర్స్ ఆగలేదు. ఆ రోజు నుంచి రిటైరయ్యేదాకా ఆ కిచెన్‌లో కేకేసి పని చెప్పలేదు. తరగాల్సిన కూరలు, పక్కన కత్తి, మనిషి కంటబడేచోట పెట్టేదాన్ని. పని జరిగేది.